ఇరవై కుచ్చులు

పాత గుడ్డను పేపర్ల చుట్టుకొని
మొగల్‌పురా సందులకు పోయిన.
అగ్రపీఠం ముద్ర అది:
ఆకుపచ్చ వెడల్పు టోపీ, కింద డాలు,
డాలు వెనుక రెండు అడ్డకర్రల సిలువ,
రెండు దిక్కుల తాళ్ళకు వేలాడే కుచ్చులు.
చిమటలు తిన్నంత తిన్నయి.
ఈస్టరు లోపల కొత్తది కుట్టియ్యాలె.

సిబ్గత్ మియా కార్చోబ్ ముందు నుంచి లేవలేదు.
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి అడిగిండు:
"ఈ టోపీ ఎవరన్న పెట్టుకుంటరా?"
లేదు, గుడ్డ మీదనే.
"సిలువకు రెండో కర్ర?"
పెద్ద పీఠమని గుర్తు.
"మరి కుచ్చులు?"
ఉత్త పీఠానికి పన్నెండు.
యాభై మూడుల అగ్రపీఠం అయినంక ఇరవై.

ఇదంత మా నాయన చెప్పిన చదువు.
గన్‌ఫౌండ్రీ గుడిల నలభై ఏండ్లు గంట కొట్టినోడు.
మిలాను నుంచి ఓడెక్కి వచ్చిన గంటలు,
ఒకప్పుడు తోపులు పోతపోసిన వాడకట్టుల.
తోపైనా గంటైనా
చెవుడు మోగించినోనికే బిడ్డా, అనేటోడు
కుడిచెవి నా దిక్కు తిప్పి.

మియా సూదిమొనతోని లెక్కబెట్టిండు.
"ఎడమ దిక్కు పది. కుడి దిక్కు తొమ్మిది.
ఉన్నది ఉన్నట్టు కుట్టాల్నా,
ఉండాల్సినట్టు కుట్టాల్నా?"

ఆ పదోది యాడికి పోయిందో నాకెరుక.
మా నాయనమ్మ ఇన్నాసమ్మ గుడిబట్టలు ఉతికేది:
పూజబల్ల దుప్పట్లు, స్వాముల తెల్లంగీలు.
ముద్రగుడ్డ కొత్తగ వచ్చిన వారమే
బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద
అడుగు వరుసల కొసకుచ్చు కమురువాసన కొట్టింది.
కత్తిరించి కొంగున ముడేసుకుంది.
ఎవ్వరికీ చెప్పలే,
పాపసంకీర్తనం జాలీకి తప్ప.

ఏటేటా తపస్సుకాలంల అదే పాపం.
ఇటలీ స్వామికి కుచ్చంటే ఏందో తెలియలే,
మూడు మంగళవార్త జపాలిచ్చి పంపిండు.
తర్వాత తెలుగు స్వాములొచ్చిన్రు.
వాళ్ళకు తెలిసింది, నవ్విన్రు.
ఆమె నవ్వలే.
ఆ మాడిన పోగులు జపమాల సంచిల పెట్టుకొనే
మట్టిలకు పోయింది.

పందొమ్మిది కుచ్చుల కింద
పట్టాభిషేకాలైనయి, పాటపూజలైనయి,
వేలమంది దానికెదురుగ మోకరిల్లిన్రు.
ఒక్కరు లెక్కబెట్టలే.

ఉండాల్సినట్టే కుట్టు మియా, అని చెప్పిన.
గొంతు కొంచెం పట్టేసింది.
ఆయన ఇంకేం అడగలే,
చాయ్ తెప్పించిండు.

మట్టల ఆదివారం ముందురోజు
గుడ్డతోపాటు చిట్టీ వచ్చింది:
మఖ్మల్ ఇంత, జరీ ఇంత, మజూరీ ఇంత,
పాత కుచ్చులు పందొమ్మిది,
కొత్తది ఒకటి, దీనికి పైసల్లేవు.

ఖజానా చూసే బాలశౌరి స్వామి
చిట్టీని వెలుతురుకు పెట్టి చూసిండు.
"ఇరవై అని రాస్తే పోయేదానికి
ఇదేం లెక్కమ్మా?"

పాత బాకీ స్వామీ, అన్నాను.
సంతకానికి పెన్ను వెతుక్కుంటున్నడు.