తోక చివర

నేను ఆలుగడ్డల చెక్కు తీస్తున్నాను.
గోడ అవతల రెండో తరగతి తిమింగలాన్ని కొలుస్తోంది.

చిలోయె దీవి కొసన మా బడి చిన్నది.
తొమ్మిది మంది పిల్లలు, ఒక టీచరు, ఒక పొయ్యి.
పొయ్యి నాది.

పోయిన వారం తడి దూదిలో చిక్కుడు గింజలు పెట్టారు.
రోజూ పొద్దున్నే పీకి చూసి
ఇంకా పెరగలేదేమని ఏడ్చారు.
అంతకు ముందు పోస్టాఫీసుకి నడిచారు.
ఎవరికి వాళ్లే ఉత్తరం రాసుకుని డబ్బాలో వేసి
అది రాకముందే ఇల్లు చేరాలని
ఒకటే పరుగు.

ఇవాళ తిమింగలం.
బోర్డు మీద ఓర్తెన్సియా టీచరు గీసింది
నా రొట్టెల కర్రంత కూడా లేదు.
"అసలుది ఎంతుంటుంది?" ఫిదెల్మో గొంతు.
"ఇరవై అయిదు మీటర్లు."
కాసేపు చప్పుడు లేదు.
ఇరవై అయిదంటే వాళ్లకి
చేతివేళ్లు అయిపోయి, బూట్లు విప్పి కాలివేళ్లూ అయిపోయి,
ఇంకా పక్కవాడి చెయ్యి ఒకటి అప్పడగాలి.

మీటరుకి కోసిన చీపురుకర్రతో గది కొలిచారు.
ఈ గోడ నుంచి ఆ గోడకి ఏడు.
"తల పట్టింది టీచర్," అంది యస్నా,
"మిగతాదంతా వానలో తడుస్తుంది."

అందుకని బయటికి.
రెమోల్కోయ్ పిల్లాడు వాళ్ల నాన్న పడవ తాడు మోసుకొచ్చాడు,
ఆల్చిప్పల కంపుతో, ఎండిన నాచుతో సహా.
మీటరుకొక ముడి, ముడికొక ఎర్ర పీలిక.
ఆ పీలికలు నా పాత లంగావి.
సగం అడిగారు, సగం చింపేశారు.

తల నీళ్ల వైపే ఉండాలన్నాడు ఫిదెల్మో,
లేకపోతే అది ఇంటికెలా పోతుంది?
ఎవరూ కాదనలేకపోయారు.
తల గులకరాళ్ల దాకా వెళ్లింది,
మెడ కంచె మీదుగా,
పొట్ట నా ఆలుగడ్డల మడి మీద,
లోకంలో ఇంకెక్కడా నేల లేనట్టు.
గుండె ముడి దగ్గర యస్నా.
గుండె ఎంతుంటుందో టీచరు పుస్తకంలో చూసి చెప్పింది.
"అయితే మా తోపుడుబండిలో పడుతుంది," అన్నాడు రెమోల్కోయ్,
సంతకి తీసుకెళ్లేవాడిలా.

ఇద్దరు గవదబిళ్లలతో రాలేదు.
తోకకి మనిషి చాల్లేదు.
"దోన్యా ఎదుబీనా, ఒక్క నిమిషం!"
చేతులు తుడుచుకుని
వంటింటి గుమ్మంలో తోకనయ్యాను.

మూడో తరగతిలోనే బడి మానేశాను నేను.
ఉప్పుని గుప్పెట్లో కొలుస్తాను, కాలాన్ని ఉడుకులో.
యాభై ఏడేళ్లకి నాకొక పాఠంలో చోటు దొరికితే...
సరే, చేతులు చల్లబడ్డాయి, అంతే చెప్తాను.

అప్పుడు మంచు దిగింది.
మా వైపు అది తలుపు కొట్టి రాదు.
ముందు సముద్రం పోయింది, తర్వాత ఫిదెల్మో,
తర్వాత యస్నా, గుండెతో సహా.
నాకు మిగిలినవి రెండు ముడులు, రాయేన్ జడ.
రాయేన్ వెనక్కి తిరిగి అడిగింది:
"తోకకి దెబ్బ తగిలితే తలకి ఎప్పుడు తెలుస్తుంది?"

తెల్లదనంలో ఎక్కడి నుంచో టీచరు:
"లాగి చూడండి.
అందినవాళ్లు ముందువాళ్లకి అందించండి."

లాగాను. రాయేన్ లాగింది. ఆ లాగుడు వెళ్లిపోయింది.
ఒకటి, రెండు, మూడు,
రాయేన్ పైకి లెక్కపెడుతోంది, నేను లోపల.
ఏడు దగ్గర ఎవరో తుమ్మారు. తిమింగలం కాస్త వణికింది.
పదకొండుకి, నీళ్ల అంచు నుంచి, సన్నగా,
"అబ్బా!"

నా వెనక కుండ పొంగుతోంది, మూత కొట్టుకుంటోంది.
తాడు వదిలేసి పోబోయాను.
అంతలో అది నా చేతిలో కదిలింది.
అటు నుంచి. ఒకసారి. ఆగి, ఇంకోసారి.
ఒకసారి లాగితే దెబ్బ అనుకున్నాం.
రెండుసార్లకి ఎవరూ అర్థం పెట్టలేదు.

నేనూ రెండుసార్లు లాగాను.

ఆ పూట ఆలుగడ్డలు అడుగంటాయి.
ఏడుగురూ గిన్నెలు నాకేశారు,
తిమింగలం రోజుకి ఎన్ని కుండలు తింటుందో
నన్నడుగుతూ.