ఇసుక దువ్వేవాడు

తెల్లారకముందే మొదలవ్వాలి నా పని.
నిలువెత్తు వెడల్పున్న దంతె, దాని వెనక కట్టిన గోనెపట్టా.
సమ్ దిబ్బల కింద పద్దెనిమిది గుడారాలు
ఏసీల మూలుగులో ఇంకా పడుకునే ఉంటాయి.
రాత్రి తిరిగినవాళ్ళ అడుగులన్నీ
ఎండ పొడ తగలకముందే చెరిపెయ్యాలి.
ఎవరూ తొక్కని ఎడారి అని చెప్పి
డబ్బు కట్టించుకున్నాడు మా మేనేజరు తన్సుఖ్.
వాళ్ళు లేచేసరికి
అది ఎవరూ తొక్కనిదై ఉండాలి, అంతే.

నా పేరు గెమరా.
మా తాత సవాయీ, పగీ.
పగీ అంటే అడుగులు చదివేవాడు.
ఒంటె పోయినా, మనిషి పోయినా
ఠాణావాళ్ళు మా గుమ్మంలోకే వచ్చేవాళ్ళట.
తాత వంగి, ఇసుకని ముట్టకుండా,
"ఆడ ఒంటె. చూలుది.
తోలుకుపోయినవాడి కాళ్ళ జోళ్ళు వాడివి కావు" అనేవాడట.

తాత చదివిన పుస్తకాన్నే
నేను తుడుస్తున్నాను,
నెలకి తొమ్మిది వేలకి, రెండు పూటలా మిగిలిన బాటీకి.

అన్నిటికన్నా మొండివి ట్యాంకరు చక్రాల జాడలు.
గుడారానికో రాగి తొట్టి, తొట్టినిండా గులాబీ రేకులు.
నీళ్ళు ఇంత బరువని
మా అమ్మ నెత్తికి తెలుసు గానీ
ఇసుక మీద చూసేదాకా నాకు తెలీదు.

పగలు జీపులు జైసల్మేర్ వెళతాయి.
పసుపురాతి కోటలో ఇంకా మనుషులు
కాపురాలు చేస్తున్నారని, లోపల బట్టలు ఆరేస్తున్నారని
వచ్చినవాళ్ళకి వింత.
మా అక్క ఝమ్కూ అక్కడే ఒక హోటల్లో గిన్నెలు తోముతుంది.
వాడిన నీళ్ళు పునాదుల్లోకి ఇంకి
కోట కుంగిపోతోందని ఎవరో అన్నారట.
"అన్ని వందల ఏళ్ళు నిలబడింది,
నా గిన్నెలకా పడిపోతుంది?" అంటుంది.
అని, ఆ పూట మాత్రం
నీళ్ళు కొంచెం తక్కువే పోస్తుంది.

తాతకిప్పుడు చూపు లేదు.
రాత్రి ఇల్లు చేరగానే ఒకటే ప్రశ్న:
"ఇవాళ ఎవరొచ్చార్రా?"

అందుకే, చెరిపేముందు చదువుతాను.
"పన్నెండో గుడారం, కొత్త జంట.
వెళ్ళేటప్పుడు పక్కపక్కనే.
వచ్చేటప్పుడు ఆమె ముందు,
అతను పది బారల వెనక."
"ఆమెది మడమ లోతా, వేళ్ళు లోతా?"
"మడమే."
"అయితే ఏడవలేదు. కోపమే. సర్దుకుంటుంది."

మొన్న ఏడో గుడారం నుంచి ఒక్క జత.
ఉత్తి కాళ్ళు. పడమటికి.
వెళ్ళిన గుర్తే గానీ, వచ్చిన గుర్తు లేదు.
దంతె అక్కడే పడేసి పరిగెత్తాను.
మూడు దిబ్బలు దాటాక దొరికాడు పెద్దాయన,
చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, పిల్లిని పెట్టుకున్నట్టు.
"ఇక్కడికి జనరేటరు వినపడట్లేదు" అన్నాడు.
ఇంకేం అనలేదు.
నేనూ కాస్త ఎడంగా కూచున్నాను.
ఒక పేడపురుగు మా ఇద్దరి మధ్యనుంచి
తాపీగా గీత గీసుకుంటూ పోయింది.

తిరిగొస్తుంటే నా అడుగుల్లోనే అడుగులేస్తూ అడిగాడు,
"ఇవి కూడా చెరిపేస్తావా?"
"జీతం దానికే సాబ్."

ఆలస్యమైందని తన్సుఖ్ అరిచాడు.
దువ్వాను.
వెనక్కి నడుస్తూ, నా అడుగులు నేనే మింగుతూ.
పురుగు గీతని మాత్రం వదిలేశాను.
వాళ్ళు దాన్నే ఫోటోలు తీసుకున్నారు.

రాత్రి తాతకి అంతా చెప్పాను.
చాలాసేపు పలకలేదు.
తర్వాత నా కాలు ఒళ్ళోకి లాక్కుని
మడమ మీద పగుళ్ళని ఒక్కొక్కటే
వేలితో తడిమాడు,
కూడబలుక్కుంటున్నట్టు.

ఏం చదివాడో చెప్పలేదు.