ఎనుక వరుస

అజ్మాన్‌ల ఆగస్టు, పగటీలి పదకొండు.
బానెట్ మీద పెట్టిన చెయ్యి మనది కాదు.
మాబున్నీ కారును నలుగురు నెట్టుకుంట
మా దుకాణం ముందట ఆపిన్రు.
డిక్కీ నిండ క్యారేజీలు,
జొన్నరొట్టెలు, వంకాయ కారం.
పన్నెండున్నర కొట్టంగనే క్యాంపుల యాభై మంది
చేతులు కడుక్కొని కూసుంటరు.

మీటర్ పెట్టిన. పదకొండు చిల్లర.
తాళం తిప్పితే ఎనిమిదికి పడ్డది.
"ఈడ సలికి గాదక్కా, ఎండకే సస్తయి" అన్న,
కోరుట్ల నుంచి వచ్చినంక నేను నేర్చుకున్న
ఒకే ఒక్క పెద్ద మాట.

సేటు లెక్క సేటుది:
పాత సరుకు ముందట పెట్టు,
దుమ్ము తుడువు, స్టిక్కర్ మెరవాలె.
ముందట వరుసలదే తీసిచ్చిన.

రాయచోటి ఆమె, ధర అడగలే.
చున్నీ కొసతోటి పక్కన రుద్ది
అచ్చుగుద్దిన అంకెలు కండ్లకు దగ్గర పెట్టుకుంది.
"పోయిన రంజానుకు ముందర పుట్టినట్టుండాదే ఇది.
అమ్ముడుపోకుండా ఊరికే కూసున్నా
లోపల ముసిలిదైపోతాది నాయనా.
ఎనకాలది తియ్యి."

సేటు ఫోన్‌ల ఉన్నడు. తీసిన.
"ప్లస్సు కుడిపక్కనే ఉండాల, లేకుంటే వైరు అందదు.
పెద్దది వద్దు, నా బండి ట్రేలో పట్టదు."
నేను చెప్పేటందుకు ఏం మిగల్లే.

మైనస్ ముందు ఇప్పిన, ప్లస్ తర్వాత.
టెర్మినళ్ళ మీద తెల్లగ పేరుకున్న పొడి
సోడా కలిపిన వేన్నీళ్ళు పోస్తే
బుసబుస పొంగి
నీలంగ కారి పోయింది.
కొత్తది కూసోబెట్టి ప్లస్ ముందు బిగించిన.
క్లాంపు పట్టి ఊపి చూసింది ఆమె:
"కదిల్తే లోపల ప్లేట్లు రాల్తాయి. ఇంగో చుట్టు."

పాతదానికి ఇరవై దిర్హాములు కొట్టేయించింది,
పదిహేను అన్న నన్ను ఒక్క చూపు చూసి.
తాళం తిప్పంగనే లేచింది బండి.
పన్నెండూ అయిదు.
పోతా పోతా కిటికీలకెళ్ళి
పేపర్ల చుట్టిన రొట్టె ఒకటి చేతుల పెట్టింది.

రాత్రి షట్టర్ దించినంక
ముందట వరుస ఒక్కొక్కటే తిప్పి చూసిన.
ఒకటి, నేను ఈడ దిగిన నెలది.
దాన్ని దింపి ఛార్జింగ్‌కు పెట్టి
పక్కనే కూసొని రొట్టె తిన్న.

తెల్లారి చూస్తే
బల్బు ఇంకా ఎర్రగనే ఉంది.