గురువారం అనే ఫోల్డరు

కింద, బంగాళాదుంపలు దాచే గదిలో
రికార్డరు రాత్రంతా టీవీని మింగుతుంది.
మింగినదానికి పేరు పెట్టడం దానికి చేతకాదు.
చానెల్ నంబరు, తేదీ, గంట, నిమిషం, సెకను:
ఒక్కోదానికీ పద్దెనిమిది అంకెల తోక.

పైన వంటింట్లో మీడియా పెట్టెకి
పేర్లు కావాలి, అంకెలంటే గిట్టదు.
కిందిది నాలుగు వేల ఆటలూ వార్తలూ పోగేసుకుని,
పైది "ఏమీ లేవు" అని తెర మీద రాసుకుని
ఒకే ఇంట్లో మాటల్లేని తోడికోడళ్ళలా.

నడుమ మా మామగారు థోర్గ్రిమూర్,
ముప్పై ఏళ్ళు ట్రాలర్ మీద వలలు కుట్టిన చేతుల్లో
రిమోటు పట్టుకుని.

ఇసాఫ్యోర్దుర్‌లో నవంబరు ఆఖరుకి
సూర్యుడు కొండ ఎక్కి రావడం మానేస్తాడు.
రెండు నెలలు.
అంత చీకటి చేతిలో ఉంటే
ఏ ప్రోగ్రామైనా పూర్తవుతుంది.

కాపీలు తీయలేదు నేను.
డిస్కులో చోటు లేదు, నాకు ఓపిక లేదు.
ఒక లేని అరని కట్టాను.
తెరిస్తే ఉంటుంది, వెతికితే ఏ డిస్కులోనూ దొరకదు.
పెట్టె వచ్చి "లోపల ఏమున్నాయి?" అంటే
మెట్లు దిగి పరుగెత్తి, డేటాబేసుని నిద్రలేపి
అప్పటికప్పుడు పేర్లు అల్లుకొస్తుంది:
హ్యాండ్‌బాల్, రెండో సగం.
పొట్టేళ్ళ ప్రదర్శన, అక్టోబరు.
సముద్ర వాతావరణం. ఇవి పదకొండు వందలు.

సరుకు కదలదు.
అడిగిన ముక్క, అడిగినంత, చేదతో తోడినట్టు.

మొదటి రాత్రి ఒక్కటీ ఆడలేదు.
ఫైలు ఎంత పెద్దదని పెట్టె అడిగితే
నా కోడు సున్నా అని చెప్పింది.
సున్నాని ఎవరు ఆడిస్తారు?
తెల్లారేదాకా (తెల్లారదు, గడియారంలో ఎనిమిదయ్యేదాకా)
ఆ ఒక్క వరస వెతికాను.

"ఎక్కడికి మార్చావమ్మా, సోల్రూన్?"
ఎక్కడికీ మార్చలేదు.
"మరి ఇక్కడున్నాయే?"
ఇక్కడ లేవు.
కాసేపు తెరనీ నన్నూ చూశాడు.
"వల కూడా అంతేలే, చాలావరకు ఖాళీయే,"
అని వాతావరణం తెరిచాడు.

ఎప్పటిదో పాత తుఫాను.
కిటికీ అవతల నీళ్ళు పలకలా నిశ్చలంగా ఉన్నాయి.
మ్యాపు మీద గాలి బాణాలు చూసి తల అడ్డంగా ఊపాడు:
"ఈ రాత్రి నేనైతే పడవ తీయను."

వరస ఎలా పెట్టనంటే
ఫోన్ పుస్తకంలోలాగే అన్నాడు, ముందు సొంత పేరు.
చదివిన మనిషిని బట్టి వాతావరణం సర్దించాడు.
హిల్డిగున్నూర్ చెప్పిన గాలులు ఎప్పుడూ ఎక్కువేనట.

వారం తర్వాత ఇంకొకటి అడిగాడు.
"గురువారం అని ఒకటి పెట్టు."
గురువారాలు ఏం దాచారని?
"ఏమీ లేదు. మా కుర్రతనంలో
గురువారాలు టీవీ వచ్చేది కాదు.
దేశమంతటికీ రాదు. జులై నెలైతే మొత్తానికే."
వేరే ఏం చెప్పలేదు.

నాలుగు వరసల కోడు.
ఎవరొచ్చి ఏమడిగినా
లోపల ఏమీ లేదని చెప్పడం.
అన్నిటికన్నా తేలిగ్గా రాసిందదే,
మళ్ళీ మళ్ళీ తెరిచి సరిచూసుకున్నదీ అదే.

ఇప్పుడు గురువారం సాయంత్రం, ఎనిమిదికి కాస్త ముందు,
ఆయన ఆ ఫోల్డరు తెరుస్తాడు.
నల్లటి తెర.
"ఉంది," అంటాడు.
ఉన్ని స్వెటర్ తగిలించుకుని
పక్కింటి గుద్‌ఫిన్నా దగ్గరికి కాఫీకి పోతాడు,
రిమోటు రొట్టెల డబ్బా మీద వదిలేసి.

కింద రికార్డరు
గురువారాన్ని కూడా మింగుతూనే ఉంటుంది.