ఇంటిపేరు గడి

తుఫాను వెళ్ళిన నాలుగో రోజు
మున్సిపల్ ఆఫీసు జనన రిజిస్టర్లన్నీ
బాస్కెట్‌బాల్ కోర్టులో వెల్లకిలా పడుకున్నాయి.
పేజీకో గులకరాయి.
గాలి వీస్తే ఊరు ఊరంతా
రెక్కలు కొట్టుకుంటుంది, ఎగరదు.

నేను ఫ్లోర్‌దెలిసా రొకమోరాని.
రిజిస్ట్రారుకి సహాయకురాలిని, ఇవాళ్టికి కాపలాదారుని.
ఎండుచేపల కాపలా లాంటిదే ఇదీ;
కాకులకి బదులు కౌన్సిలర్లు.
రెకేహో వచ్చి వాళ్ళ తాత ఆరాడా అని అడిగాడు.
మేయరు రెబుస్తిల్యో ఫొటో దిగి
తడి బూటు ఒక పుట్టినరోజు మీద వేసి వెళ్ళాడు.

మా ఊరి చరిత్ర ఒక్క అక్షరం పొడుగు.
నూట డెబ్బై చిల్లర ఏళ్ళ కిందట
మనీలా నుంచి ఇంటిపేర్ల పుస్తకం ఒకటి బయల్దేరింది.
ఊరికిన్ని కాగితాలు చింపి ఇచ్చారట,
సంతలో తమలపాకుల కట్ట విప్పి పంచినట్టు.
మా వాటాకి ర వచ్చింది.
ఏటి అవతల ఊరికి బ.
ఆ ఆదివారం చర్చికి వెళ్ళినవాళ్ళు
రొకమోరాలై, రంగాసాలై, రెకేహోలై ఇళ్ళకొచ్చారు.
పన్ను వసూలుకి వీలుగా ఉంటుందని.

ఇప్పటికీ బళ్ళో హాజరు పిలిస్తే
టీచరు నాలుక ఒక్కచోటే తిరుగుతుంది.
ఏరు దాటి కాపురానికెళ్ళిన పిల్ల
అక్షరం మార్చుకుంటుంది.
ఎన్నికల్లో గెలిచేదీ ర, ఓడేదీ ర,
లెక్కపెట్టేదీ ర.

మధ్యాహ్నం కొండ మీంచి ముసలాయన దిగాడు.
భుజాన చిలగడదుంపల సంచి.
వెనకాల సాక్షి సంతకానికి
బరంగాయ్ కెప్టెన్ రుఫీనో రంగాసా, ఆయాసపడుతూ.
పింఛను రావాలంటే
ముందు పుట్టి ఉండాలి కదా.
పుట్టాడనడానికి కాగితం లేదు.

"పేరు?"
"బుగ్తోంగ్. ఒక్కగానొక్కడని.
నాకు ముందరివాళ్ళెవరూ మా అమ్మకి దక్కలేదు."
"ఇంటిపేరు?"
పళ్ళు లేని నవ్వు.
కెప్టెన్ అందుకున్నాడు:
"బ కదా! ఏటి అవతలివాడని రాసెయ్యి,
మన బడ్జెట్టు మిగుల్తుంది."

"ఆ పుస్తకం వచ్చిన ఆదివారం
మావాళ్ళు ఊళ్ళో లేరమ్మా.
ముందు రాత్రే కుక్కల మూతులకి గుడ్డలు కట్టి
గంట మోత వినపడనంత ఎత్తుకి ఎక్కేశారు.
పేరుంటే అప్పుంటుందని మా ముత్తాత అనేవాడట.
ఉన్నది ఆరుగురం.
ఇంటికి మళ్ళీ పేరెందుకు?"

గడి ఖాళీగా ఉంటే
రాజధానిలో కంప్యూటరు ఒప్పుకోదు.
"ఏదో ఒకటి చెప్పు తాతా,
ఏటి పేరో, కొండ పేరో."

ఆయన పేజీల మధ్యకి నడిచాడు,
నారుమడి గట్టు మీద నడిచినంత పైలంగా.
"చదువు," అన్నాడు.
చదివాను. ఒక్కో రాయీ ఎత్తి,
కలరా ఏటి పిల్లల్ని, యుద్ధం ఏటి పిల్లల్ని,
తండ్రి ఎవరో తెలియదని రాసినవాళ్ళని,
నీటికి సగం పేరు పోయినవాళ్ళని.
టోపీ చంకలో పెట్టుకుని విన్నాడు.
కెప్టెన్ బెంచీ మీద నిద్రపోయాడు.

"ఇంతమంది పుట్టారు," అన్నాడు చివరికి,
"రాసిన చెయ్యి మాత్రం ఒక్కటే."
ఆ చెయ్యి ఎవరిదో
ఏ పేజీలోనూ లేదు. అప్పటిదాకా
నేనెప్పుడూ చూసుకోలేదు.

మా ఆవిణ్ణి అడిగి రేపు చెబుతానని
దుంపలు వదిలేసి కొండెక్కాడు.
రేపు అంటే కొండ మీద ఎన్నాళ్ళో
నాకు తెలియదు.

సముద్రం వైపు మళ్ళీ మబ్బు.
రిజిస్టర్లన్నీ లోపలికి మోశాను.
బల్ల మీద ఆ ఒక్క ఫారం.
గడి సరిగ్గా
ఒక గులకరాయి పట్టేంత ఉంది.

పెట్టి చూశాను.