తోకల చదువు

ఇరవై మూడు నోటుపుస్తకాలు.
కిటికీ అవతల నువోరో కొండల్ని
మంచు ఒక్కొక్కటే మింగుతోంది.
రెండో కప్పు కాఫీ చల్లారేసరికి
పదమూడు దిద్దాను.

మొదటి ఏడాది లాటిన్ అంటే తోకల చదువు.
మాట తల ఎవరికైనా దొరుకుతుంది.
తోక పట్టుకుంటేనే తెలిసేది
ఎవరు ఎవర్ని, ఎవరు ఎవరికి.
ఒక్క 'మ్' చోటు తప్పిందా,
కర్త కాస్తా కర్మై కూర్చుంటాడు.

పద్నాలుగోది బస్తియానా మురెద్దుది.
అట్ట మీద జున్ను మరక.
పోయిన వారం మూడో వాక్యం:
పిల్ల మేకకూనని పిలుస్తోంది, అని రాయాలి.
ఈవిడగారు 'మ్' పట్టుకెళ్ళి పిల్లకి తగిలించింది.
మేకకూన పిల్లని పిలుస్తోంది.
ఎర్ర గీత పెట్టాను.
పక్కన పెన్సిల్‌తో సన్నగా వకాల్తా:
"మా ఇంట్లో జరిగేది ఇదేనని మన్నాయ్ చెప్పింది."

మన్నాయ్ అంటే అవ్వ.
తోరినో నుంచి బదిలీ మీద వచ్చినదాన్ని,
ఆ సంగతి తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

అంతకుముందు ఒకరోజు
ఆకాశం అనే మాట పైకి చదవమంటే
"కేలుమ్" అంది.
"చేలుమ్" అన్నాను.
మళ్ళీ కేలుమ్. క్లాసంతా నవ్వింది.
మూడోసారి నాకోసం చేలుమ్ అంది,
ఆముదం మింగిన మొహంతో.

నిన్న సాయంత్రం పెద్దవాళ్ళ సమావేశానికి
ఆ అవ్వే వచ్చింది.
నల్ల శాలువా, పొయ్యి పొగ వాసన.
బెంచీలో మోకాళ్ళు ఇరికించుకుని
పుస్తకం తెరిచి ఎర్ర గీతలు లెక్కపెట్టింది.
పదాల పట్టిక నాచేత చదివించుకుంది.

దోముస్, అన్నాను.
"దోమో. మా ఇల్లు."
యానువా.
"యాన్నా. వేసెయ్యమ్మా, చలి."
ఎదుస్.
"ఎదు. ఈ ఏడు పదకొండు ఈనాయి."
చెంతుమ్.
"కెంటు," అని నన్నే దిద్దింది.
"కెంటు గొర్రెలుండేవి, మా ఆయన పోకముందు."
తర్వాతి మాట ఆకాశం.
నోరు తెరిచి
ఊరుకున్నాను.

పాత రోమన్లు దాన్ని 'క' అనే పలికేవారని
పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే.
పుస్తకంలోది మనిషి నోట వినబడేసరికి
తప్పని దిద్దిందీ నేనే.
తాతకు దగ్గులు నేర్పడం అంటారు చూడండి,
నేను ఆ దగ్గుకి సున్నా మార్కులు కూడా వేశాను.

అలాగని ఆ 'మ్' తప్పు ఒప్పైపోదు.
అవ్వ మాటలకి తోకలు లేవు,
ఇన్ని వందల ఏళ్ళ నడకలో ఏ దారిలోనో రాలిపోయాయి.
తలలు ఆమె దగ్గర, తోకలు నా దగ్గర.
నడుమ నలుగుతోంది ఆ పిల్ల.

లేస్తూ అడిగింది:
"ఇంటిపని మళ్ళీ ఎప్పుడు తేవాలి?"
"దొమానీ," అన్నాను, మా ఇటాలియన్‌లో.
"క్రాస్," అని తలూపింది,
తనకి తాను గుర్తుచేసుకుంటున్నట్టు.

క్రాస్. రేపు.
పదకొండేళ్ళు చదివాను, తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను.
తెల్లారితే పాలు పితకాల్సిన మనిషి
ఆ మాట అనగా వినడం
అదే మొదలు.

ఇదిగో, తెచ్చింది.
మూడో వాక్యం తిరగరాసింది:
పిల్ల మేకకూనని పిలుస్తోంది.
'మ్' దాని చోట అది ఉంది.
దాని కింద, నేను అడగని వాక్యం ఒకటి:
మేకకూన పలకడం లేదు.

తోక సరిచూశాను. సరిగ్గానే ఉంది.
ఎర్ర కలానికి మూత పెట్టి
కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇంకా తొమ్మిది పుస్తకాలు.
లేచి వెళ్ళి
యాన్నా వేసొచ్చాను.
చలి.