జేబులో పట్టేంత

గుజరాతీ గల్లీ, రెండో మలుపు,
అద్దాల పెట్టె వెనక కీర్తిభాయ్.
టార్చి కావాలన్న.
"ఎంత దూరం కొట్టాలె?" అని అడిగిండు.
ఎవరైనా మొదట అడిగేది అదే.

ఒకటి తీసిండు, మోచేయంత.
మబ్బు పట్టిన సాయంత్రం,
ఎదుటి దుకాణం మూడో అంతస్తు కిటికీ మీద
కూచున్న పావురం కన్ను చూపించిండు.
పావురం లేచిపోయింది.
"ఆరొందల మీటర్లు సాబ్, గ్యారంటీ."

నేను లిఫ్టులు బాగుచేసేటోన్ని.
నా చీకటి నాలుగడుగుల వెడల్పు,
ఐదడుగుల పొడుగు,
లోతు మాత్రం అపార్ట్‌మెంటును బట్టి.
అందులో పావురాలుంటయి గానీ
వాటి కళ్ళతోని నాకు పని లేదు.

ఇంకోటి ఇచ్చిండు. గట్టిది,
కొడితే కుక్క పారిపోతదట.
ప్యాంటు జేబులో వేసుకొని నాలుగడుగులు నడిచిన.
ఒక పక్కకు ఒరిగిన, అప్పున్నోని లెక్క.

మూడోదానికి ఒకటే బటను, ఏడు వేషాలు.
నొక్కితే తెలుపు, నొక్కితే ఎరుపు,
ఇంకోసారి నొక్కితే
బారాత్ ముందర లైట్ల లెక్క టపటపా కొట్టుకుంటది.
గ్రీజు చేతులతోని తాడు పట్టుకొని
కాళ్ళ కింద పద్నాలుగు అంతస్తులు పెట్టుకొని
బారాత్ తీసే తీరిక ఎక్కడిది?

ఫోన్‌లో ఉన్నది గదా లైటు, అంటరు.
ఉన్నది.
పోయిన శ్రావణంల మణికొండలో
చెయ్యి జారి, ఏడంతస్తులూ
వెలుగుకుంటనే పోయింది నా ఫోను.
అడుగున నీళ్ళల్ల పడ్డంక కూడా
ఒకసారి మోగింది.
అన్నం తిన్నవా అని అడగడానికి మా ఆవిడ చేసిందట.

కీర్తిభాయ్ ఓపికమంతుడు. చాయ్ తెప్పించిండు.
"అసలు నీకేం కావాలె?" అన్నడు.

అసలు నాకేం కావాలో
మలక్‌పేటలో తెలిసింది.
మొన్న జూన్, గాలివాన, కరెంటు లేదు,
జనరేటర్‌లో డీజిల్ లేదు,
రెండుకీ మూడుకీ నడుమ ఆగింది డబ్బా.
లోపల రూతమ్మ సిస్టర్,
నైట్ డ్యూటీకి బయలెల్లిన మనిషి.
తలుపు జానెడు తెరిచి
నా పాత పెద్ద టార్చి లోపలికి కొట్టిన.
రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నది,
దెబ్బను ఆపుకున్నట్టు.
"నన్నేం చూస్తవ్?
నువ్వెవరో చూపియ్యి ముందు" అన్నది.

ఇరవై రెండేండ్ల సర్వీసు.
తాళ్ళ మీద వేసిన, పుల్లీల మీద వేసిన,
అరిగిన బ్రేకుల మీద వేసిన,
నా మొహం మీద లైటు వేసుకున్నది ఎన్నడూ లేదు.
తిప్పుకున్న.
కళ్ళు బైర్లు కమ్మినయి.
గడ్డం గీసుకోలేదని గుర్తొచ్చింది.
ఆమెకు ఏం కనబడిందో తెలియదు,
చానాసేపు సప్పుడు లేదు.
తర్వాత, "సరే" అన్నది.
ముందు టిఫిన్ డబ్బా అందించింది,
ఆ తర్వాత చెయ్యి.

ఇదంతా కీర్తిభాయ్‌కి చెప్పలే.
"అన్నిటికన్న తక్కువ వెలిగేది ఏది?" అన్న.
ముప్పై ఏండ్లల్ల ఈ మాట ఎవరూ అడగలేదన్నడు.
కింది అరలో, చార్జర్ల చిక్కుల కింద
వెతికి వెతికి తీసిండు:
నా మధ్యవేలంత.
గోడగడియారం సెల్లు ఒకటి వేస్తే చాలు,
పాన్ డబ్బాలో దొరుకుతది.
పళ్ళ నడుమ పట్టుకొని చూసిన,
దవడ గుంజలే. అల్యూమినియం రుచి.
కింద పడేసిన, ఆరలే.
మొదటి నొక్కుకు మిణుగురంత,
రెండో నొక్కుకు గదంత.
మూడోది లేదు.

నాలుగొందల యాభై అన్నడు,
మూడొందల ఎనభైకి దిగిండు.
చాయ్ పైసలు తీసుకోలే.

రాత్రి బాత్రూంల లైటార్పి
అద్దం ముందు మొదటి నొక్కు నొక్కిన.
ముక్కు, మీసం, కళ్ళ కింద సంచులు
ఒక్కొక్కటే వచ్చినయి.
బయట నుంచి మా ఆవిడ,
"కరెంటు ఉంది గదా, చీకట్ల ఏం చేస్తున్నవ్?"

పర్వాలే.
భయపడేటట్టయితే లేను.
గడ్డం మాత్రం గీసుకోవాలె.